పని పేరున్న కాగితం

మా కుమారుడు బహ్రెయినులో కట్టడాల ఇంజినీరు. నేను తెలుగు పండితుడిగా విరమించిన పిమ్మట అక్కడి జింజ్ పేటలోని వారి ఫ్లాటులోనే కాలం గడుపుతున్నాను. ఇక్కడ నాకు మిగిలిన ఏకైక శిష్యురాలు నా మనవరాలు. ఆమె పన్నెండవ తరగతి ముగించిన వేసవిలో, ఏ కళాశాలలో చేరవలెనన్న ప్రశ్న మా ఇంట భోజనాల బల్లను కొన్ని వారాలపాటు ఆక్రమించుకొన్నది.

అంతకు రెండేళ్ల ముందు బడివారు పిల్లలను ఆలీ గ్రామంలోని కుమ్మరుల వద్దకు తీసుకొనిపోయారు. ఆనాడు గోళ్లనిండా మట్టితో తిరిగివచ్చిన పిల్ల ఆ మట్టిని మనసులోనుంచి కడుక్కోనే లేదు. మట్టితోను, పింగాణీతోను వస్తువులను రూపొందించే విద్యనే చదువుతానని పట్టుపట్టింది. దానిని సిరామిక్స్ అంటారట.

స్వదేశంలోని రెండు కళాశాలలు ఆమెకు ప్రవేశమిచ్చాయి. ఒకటి మహానగరంలో మిక్కిలి పేరుమోసినది. అందులో మొదటి ఏడు అందరికీ ఒకే చదువు. ఆ తరువాతనే శాఖలు పంచుతారు. సిరామిక్స్ శాఖలోకి పదిహేనుమందికి మించి తీసుకోరు. రెండవది ఎవరూ పేరు వినని ఒక చిన్న ఊరి కళాశాల. అది మాత్రం తొలినాటినుంచే సిరామిక్స్‌లో చేర్చుకుంటానన్నది. రెంటిలో ఏదో ఒకటి ఆదివారంలోగా తేల్చి చెప్పాలి.

నేను పెద్ద కళాశాల పక్షం. మా కుమారుడూ అంతే.

ఆ శుక్రవారం సెలవు. స్నానాలగదిలో గోడపలకలు కొన్ని ఊడిపోగా, మా కుమారుడు తన సైటులో పనిచేసే తాపీమేస్త్రి నొకణ్ణి పిలిపించాడు. నిజామాబాదు వైపు మనిషి, ఏబది ఏళ్లు దాటినవాడు. వస్తూనే పని మొదలుపెట్టలేదు. తాపీ పిడితో ఒక్కొక్క పలకనూ తట్టి, చెవి ఒగ్గి విని, కొన్నింటిమీద సుద్దతో గీత పెట్టసాగాడు.

"ఊడినవి నాలుగే కదయ్యా?" అన్నాను.

"ఊడినయి నాలుగు, పెద్దసారూ. ఊడనున్నయి తొమ్మిది. పైకి నున్నగనే కనవడ్తయి. లోపట సిమెంటు వట్టలే. డొల్ల."

మనవరాలు గుమ్మంలో నిలబడి ఆ చప్పుళ్లు వింటున్నది. నేను కుర్చీలోనుంచి నా వాదం కొనసాగించాను. "గంధపు చెట్టు పక్కన మొలిస్తే వేప కూడా పరిమళిస్తుందమ్మా. ముందు ఆ వనంలో అడుగుపెట్టు. శాఖ సంగతి తరువాత."

"వాసన వస్తది గని పెద్దసారూ, పండ్లు తోముకునేటందుకు వేపపుల్లనే గావాలె గద!" అన్నాడు మేస్త్రి, చేతిపని ఆపకుండానే.

పిల్ల పకపకా నవ్వింది. సంగతేమిటని అతడడగగా, రెండు కళాశాలల కథా ఆమే విప్పి చెప్పింది. అతడు తాపీని కింద పెట్టాడు.

"నా ముచ్చట గూడ గిదే బిడ్డా. మా ఊర్ల నేను మేస్త్రినే. గల్ఫుకు పోతనంటే ఏజెంటు ఏమన్నడు? 'పెద్ద కంపెనీ, మస్తు పేరు. మేస్త్రి వీసాలు కొన్నే ఉండె, అయిపోయినయి. లేబరు వీసా మీద పో. పోయినంక మారుస్తరు.' సంబురంగ వచ్చిన. మేస్త్రి కాయిదం దొరికేదాంక నాలుగేండ్లు ఇసుక మోసిన. పెట్టెల తాపీకి తుప్పు పట్టొద్దని శుక్రారం శుక్రారం నూనె రాసేటోణ్ణి. క్యాంపుల అందరు నవ్వేటోళ్లు, 'పెండ్లాన్ని సూసుకున్నట్టు సూసుకుంటున్నవ్' అని."

"మరి మారుస్తామని వాళ్లచేత రాయించుకోలేదా, పెదనాన్నా?" అన్నది పిల్ల.

"అడగాల్నని నాకేమెరుక! నా తోటోడు ఒకడు చిన్న కంపెనీల మేస్త్రి కాయిదం మీదనే పోయిండు. దిగిన తెల్లారే తాపీ పట్టిండు. నాకు సదువు సంగతి తెల్వది బిడ్డా, నా మాట మీద పోకు. నా కత చెప్పిన, గంతే."

ఆ మధ్యాహ్నమే ఆమె పెద్ద కళాశాలకు ఈమెయిలులో ఉత్తరం రాసింది. మొదటి ఏడు ఉత్తమంగా చదివితే సిరామిక్స్ ఇస్తామని రాసి ఇవ్వగలరా? రానివారిని ఏ శాఖలో వేస్తారు? రెండే ప్రశ్నలు. అలంకారమన్నది లేదు. ఏళ్ల తరబడి పిల్లలచేత వ్యాసాలు రాయించిన నేను అంత సూటియైన వాక్యాలు ఎన్నడూ రాయించలేకపోయాను.

శనివారానికే జవాబు వచ్చింది. చక్కని మర్యాదతో కూడిన జవాబు. వారి సంప్రదాయాన్నీ, ఆచార్యులనూ మూడు పేరాలలో పొగిడి, చివర, శాఖల కేటాయింపు ఖాళీలను బట్టి ఉంటుందనీ, ముందుగా మాట ఇవ్వజాలమనీ ముగించారు. తప్పేమీ లేదు. వారు నిజమే చెప్పారు.

"నువ్వు మొదటి పదిహేనుమందిలో ఉండవా ఏమిటే?" అన్నాడు మా కుమారుడు.

"ఉంటాననే అనుకుంటున్నా నాన్నా. అక్కడికి వచ్చేవాళ్లందరూ అలాగే అనుకుని వస్తారు కదా." ఆమె నా వైపు తిరిగింది. "తట్టి చూశాను తాతయ్యా. డొల్లగా మోగింది."

మా కుమారుడు ఆ ఉత్తరాన్ని మొదటినుంచి మరొకసారి చదివాడు. "నీ ఇష్టమేనమ్మా" అన్నాడు చివరికి. గంధపు చెట్టును నేను మళ్లీ ప్రస్తావించలేదు. ఆదివారం ఉదయం ఆమె చిన్న కళాశాలకు సమ్మతి పంపింది. గురువారానికల్లా ప్రవేశపత్రం అందింది.

మరుసటి శుక్రవారం పలకల సందులు పూడ్చడానికి మేస్త్రి మళ్లీ వచ్చాడు. కాళ్లు కడుక్కొని లోపలికి వస్తూనే, "ఏమైంది బిడ్డా?" అన్నాడు. ఆమె కాగితం తెచ్చి ముందు పెట్టింది. అతడు చేతులు లుంగీకి ఒకటికి రెండుసార్లు తుడుచుకొన్నాడు గాని కాగితాన్ని తాకలేదు.

"పని పేరు ఏడున్నది ఈ కాయిదంల?"

ఆమె చూపించింది. అతనికి ఇంగ్లీషు రాదు. "సదువుండ్రి పెద్దసారూ" అన్నాడు. నేను కళ్లజోడు సవరించుకొని ఆ ఒక్క మాటనూ పైకి చదివాను. మరొక్కసారి చదవమన్నాడు. చదివాను. ఆ అక్షరాలమీదుగా, అంగుళం ఎత్తున, అతని వేలు మెల్లగా ఎడమనుంచి కుడికి సాగింది.

"ఖలాస్" అన్నాడు, పని ముగిసిందనడానికి ఇక్కడివారు వాడే మాటతో. "కాయిదం మంచిగున్నది. ఇగ పని నేర్సుకునుడే."

స్నానాలగదిలోకి పోయి, తాను కొత్తగా అతికించిన పలకలనన్నిటినీ తాపీ పిడితో మరల మొదటినుంచి తట్టి చూడసాగాడు. నా మనవరాలు గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కదానికీ చెవి ఒగ్గి వింటున్నది. నేనూ లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.