కుప్పమ్మాళ్ పవళం

సముద్రపు నీళ్ళు మోయడం భీమేశ్వరరావుకి ప్రాణం మీదికొచ్చింది. పొద్దున్నే సైకిలుకి చెరో పక్కా ప్లాస్టిక్ డబ్బా కట్టుకుని బీచికి వెళ్ళాలి, మోకాళ్ళ లోతు దిగి ముంచుకోవాలి, తొక్కలేక ఒర్లియంపేటలో తన అద్దెగది దాకా తోసుకుంటూ రావాలి. యాభై దాటిన మనిషి, పైగా నడుంనొప్పి. ఆ తర్వాత ఆఫీసు. యానాం నుంచి ఈ అరవ ఊరికి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. పిల్లల చదువులు చెడతాయని భార్య అక్కడే ఉండిపోయింది. గదిలో ఒక అద్దాల తొట్టె, నాలుగు సముద్రం చేపలు ఉంటే కాస్త కాలక్షేపం అనుకున్నాడు. కాలక్షేపం సంగతి దేవుడెరుగు, ఒళ్ళు హూనమైపోయింది!

చేపలు ఏనాడో పోయాయి. మిగిలింది రాయి. తేంగాయితిట్టు రేవులో జాలర్లు వల విదిలిస్తుంటే పడిన పిడికెడు రాయిని అందానికని తొట్టె అడుగున వేశాడు. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం ఆ రాయి ఒళ్ళంతా విచ్చుకుంది. గోధుమరంగు చర్మం, దాని మీద కందిగింజంత ఆకుపచ్చ నోళ్ళు, ఒక్కో నోటి చుట్టూ దారప్పోగుల్లాంటి వేళ్ళు. తాకితే చటుక్కున ముడుచుకునేది. రాయికి సిగ్గేమిటండీ! ఆ రోజు నుంచి దాన్ని వదల్లేకపోయాడు. నీళ్ళు మార్చకపోతే అది చస్తుందని భయం, మారిస్తే తను చస్తాడని భయం.

చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే, ఇదేమిటని. అదే తెలిస్తే ఇంకేం! పేరు తెలిస్తే ఏం తింటుందో, ఎలా బతుకుతుందో ఎవరినైనా అడగొచ్చని అతని ఆశ. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే త్యాగరాజన్‌ని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"పగడపు జాతి సార్, రాయి కట్టే రకం. అంతవరకు ష్యూర్. ఏ పగడమో మాత్రం కండ ఉండగా చెప్పలేను, లోపలి ఎముక చూడాలి. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో నానేయండి. కండంతా పోయాక తీసుకురండి, చెప్తాను."

"అంటే చంపితే గాని పేరు తెలీదన్నమాట."

"అంతే సార్."

భీమేశ్వరరావుకి ఒళ్ళు మండింది. చచ్చాక పేరెవడికి కావాలి! కాఫీ ఇచ్చి పంపేశాడు.

ఇంటి ఓనరు కుప్పమ్మాళ్ ఇదంతా గుమ్మంలోంచి చూసింది. తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు. ఆమె తెలుగులో సగం అరవమే. "ఏంది తంబీ అది? కాలేజీ వాత్తియారు గూడా వచ్చి చూసిపోయినాడే?" అప్పట్నుంచి రోజూ అదే ప్రశ్న. ఒకనాడు డబ్బాలు దించి రొప్పుతున్న మనిషికి ఓపిక నశించి, పగడానికి అరవ మాటే అనేశాడు.

"పవళం మామ్మగారూ. ఉంగరాల్లో పెట్టుకుంటారే, అదే."

"ఎర్రగా లేదే?"

"ముదిరితే ఎర్రబడుతుందండీ."

ఆ పూటకి పీడ వదిలింది. ఆమె మళ్ళీ అడగలేదు.

ఎనభై మూడు ఎండాకాలంలో తమ్ముడి కూతురి పెళ్ళికి యానాం వెళ్ళాడు. "తొట్టెకి గాలి కొట్టే మోటారు ఆగితే స్విచ్చి వెయ్యండి, ఇంకేమీ చెయ్యొద్దు" అని ఆమెకే తాళం అప్పగించాడు. నీళ్ళు మోయని పొద్దులు ఎంత హాయిగా ఉన్నాయో! పోతే పోనీ వెధవ రాయి అని ఒకసారి అనిపించింది కూడా.

తిరిగొచ్చి తలుపు తీస్తే గుప్పున వాసన. తొట్టెలో నీళ్ళు విరిగిన మజ్జిగలా ఉన్నాయి. పైన మందారాలు తేలుతున్నాయి, అద్దానికి పసుపూ కుంకుమా. చెయ్యి పెట్టి తీస్తే రాయి మీది చర్మం జారి అరచేతిలోకి వచ్చింది.

"వచ్చినావా తంబీ!" కుప్పమ్మాళ్ గిన్నె పట్టుకుని పరుగున వచ్చింది. "మా మనవడికి చెవ్వాయి దోషం గదా, అదే మీరు కుజదోషమంటారే, యాడ అడిగినా సంబంధం తప్పిపోతా ఉండె. పవళం చెవ్వాయి రాయి. అందులోనూ ఇది ప్రాణముండే పవళం! మంగళవారం పాలాభిషేకం చేస్తి. బేస్తవారమే బాహూరు వాళ్ళు సరే అనేసినారు. అంతా నీ పుణ్యం. ఈ పాయసం తిను."

అరుద్దామనుకున్నాడు. ఏమని అరుస్తాడు? పవళమని చెప్పింది తనేగా. నిలబడే పాయసం తిన్నాడు.

ఆదివారం ఆ రాయిని కడిగి, తెల్లటి ఎముకను గుడ్డలో చుట్టుకుని త్యాగరాజన్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఇటూ అటూ తిప్పి చూసి నోరు తిరగని పేరొకటి చెప్పాడు. "అరెరే, ఇది మొండి రకం సార్. వెలుతురుంటే చాలు. రోజూ నీళ్ళు మార్చక్కర్లేదు, వారానికోసారి కాసిని పోస్తే సరిపోతుంది. మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది." పేరు కాగితం మీద రాసివ్వనా అంటే వద్దన్నాడు.

ఇంటి దగ్గర కుప్పమ్మాళ్ ఎదురు చూస్తోంది. "వాత్తియారు ఏం చెప్పినాడు తంబీ? పవళమేనా?"

"పవళమే మామ్మగారూ." ఎముకను ఆమె చేతిలో పెట్టాడు. "మీ పూజగదిలో ఉంచుకోండి."

ఆమె కళ్ళకద్దుకుంది. "తెల్లంగా ఉందే! ముదిరితే ఎర్రబడుతుందంటివి గదా?"

"ఎర్రబడుతుందండీ."

"నీళ్ళు మారుస్తా ఉండాల్నా?"

భీమేశ్వరరావు మెట్టు మీద కూలబడ్డాడు. "అక్కర్లేదండీ. ఇంక దానికేమీ అక్కర్లేదు."