ముప్పై నాలుగు గదులు, మూడు వందల గొర్రెలు

ఆ రోజుల్లో మా విడపనకల్లు పక్క పల్లెల్లో పద్నాలుగేళ్ళ పిల్లలకు తలా ఒక పిచ్చి ఉండేది. తొలకరి పడగానే బడి ఎగ్గొట్టి వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయేవాళ్ళు కొందరు. క్రికెట్టు పిచ్చి కొందరికి, సెల్‌ఫోన్లో పాటలు ఎక్కించుకునే పిచ్చి ఇంకొందరికి. నాకు రుజువుల పిచ్చి పట్టింది. మిగతా పిచ్చులన్నీ వయసుతో పాటు వదిలిపోయాయి. నాది తగ్గకపోగా ఇప్పుడు దాని మీదే బతుకుతున్నాను (ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను). తలుచుకుంటే, ఆ వయసులో నన్ను భరించిన వాళ్ళందరికీ పేరుపేరునా దండం పెట్టాలనిపిస్తుంది. పేర్లు రాస్తే కొట్టడానికి వస్తారు గనక వరసలతోనే సరిపెడతాను.

ఈ పిచ్చి నాకు అంటించింది మా చుక్కల సారు. అసలు పేరుతో ఆయన్ని పిలిచేది హెడ్మాస్టరు ఒక్కరే. క్లాసులోకి రాగానే బోర్డు మీద గుప్పెడు చుక్కలు పెట్టి, “వీటిలో ఏ మూడూ ఒక్క గీత మీద లేవనుకోండి” అని మొదలుపెట్టేవారు. అవి పబ్లిక్ పరీక్షలో వచ్చే లెక్కలు కావు, పోటీల్లో వచ్చే లెక్కలు. కొలిచే పనుండదు, సూత్రం బట్టీ పట్టే పనుండదు. చుక్కల్ని ఎట్లా పెట్టినా, గదుల్ని ఎట్లా నింపినా, ఫలానాది జరిగే తీరుతుందనో, తలకిందులుగా తపస్సు చేసినా జరగదనో చూపించాలి, అంతే. ఒక చదరంలో ఐదు చుక్కలు పెట్టి, ఆ చదరాన్ని నాలుగు సమాన ముక్కలు చేస్తే ఏదో ఒక ముక్కలో రెండు చుక్కలు పడక తప్పదని ఆయన చెప్పిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇంటికొచ్చి, మా అరుగు మీద ఐదుగురు కూర్చుంటే వాళ్ళలో ఇద్దరైనా పోట్లాడుకునేంత దగ్గర్లో ఉంటారని మా అవ్వకు రుజువు చేశాను. “దానికి రుజువేంటికే? మీ పెద్దమ్మనూ నన్నూ చూస్తే చాలదా?” అంది అవ్వ.

తొమ్మిదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో చుక్కల సారు మా ఇంటికే వచ్చారు. లెక్కల పోటీలో నేను మొదటి మెట్టు దాటానట. రెండో మెట్టుకు ముందు, ఇంకో మూడు వారాలకు, అనంతపురంలో పది రోజుల శిక్షణ ఉందట, అక్కడే హాస్టల్లో ఉండాలట. నాకు అప్పటికే మనసు బస్సెక్కి కూర్చుంది. నాయన మాత్రం మంచం పట్టె మీద గోటితో గీరుతూ కూర్చున్నాడు. “పది దినాలు ఆడ పండుకోని నేర్చుకునేంత లెక్కలు ఏముండాయప్పా సారూ? బుడ్డలు ఎన్ని మూటలైనాయో చెప్పేకి వస్తాది గదా పాపకు,” అన్నాడు (వేరుశనగను మేం బుడ్డలంటాం). వద్దనలేదు, సరే అనలేదు. “చూస్తాంలే” అన్నాడు. నాయన నోట ఆ మాట వస్తే మూడొంతులు వద్దన్నట్టే.

సరిగ్గా ఆ వారమే మా చేనులో గొర్రెల మంద నిలపాల్సి ఉంది. ఎండాకాలం చేలు ఖాళీగా ఉన్నప్పుడు గొర్రెలవాళ్ళను పిలిపించి మంద నిలుపుకోవడం మా పక్క అలవాటు. పగలంతా బయట మేసిన గొర్రెలను సాయంత్రం చేనులోకి తోలి, చుట్టూ గూటాలు పాతి, వల కట్టి తెల్లారేదాకా ఉంచుతారు. పెంటా మూత్రమూ అక్కడే పడి నేలకు బలం పడుతుంది. మర్నాడు గూటాలు పెరికి వల పక్కకు జరుపుతారు. అట్లా జరుపుకుంటూ చేనంతా తిరిగితే ఆ ఏటికి ఎరువుకు దిగులుండదు. గొర్రెలాయనకు ఉన్నన్నాళ్ళూ తిండి పెట్టి, పోయేటప్పుడు జొన్నలు కొలుస్తారు. అయితే ముందటేడు వచ్చినాయన వల ఇష్టమొచ్చినట్టు వేసి రెండు చోట్ల నేల వదిలేశాడు. అక్కడ బుడ్డల చెట్లు జానెడు కూడా లేవలేదు. పంట పీకేదాకా ఆ రెండు మచ్చలూ నాయన కంట్లో నలుసులయ్యాయి.

అందుకే ఈసారి నాయన అంగలేసి కొలిచి, చేనును చదరం గదులుగా గీయించాడు. గదికి ఇరవై అంగలు. అటు ఆరు గదులు, ఇటు ఆరు గదులు. అందులో ఈశాన్యం మూల గదంతా బండరాళ్ళ గుట్ట, దానికి ఎదురుగా నైరుతి మూల గదంతా మా జేజినాయన తవ్వించిన ఎండుబావి, దాని చుట్టూ ఎత్తుగా మట్టి గట్టు. ఆ రెండూ పోను ముప్పై నాలుగు గదులు. ఈసారి వచ్చిన గొర్రెలాయనను అందరూ కంబళి తాత అనేవాళ్ళు (మే నెలలో కూడా భుజం మీది కంబళి దించడు). ఆయన మూడు వందల గొర్రెలకూ పక్కపక్కనున్న రెండు గదులు సరిపోతాయి. ఆయన వల కూడా సరిగ్గా ఆ రెండు గదుల చుట్టూ తిరిగి వచ్చేంతే, అంటే గది పక్కలు ఆరు. “పదిహేడు దినాలే నిలుపుతానప్పా. పద్దెనిమిదో దినం కణేకల్లు కాలవ కింద చేన్లోకి పోవల్ల, మాటిచ్చినా,” అన్నాడు తాత. రోజుకు రెండు, పదిహేడు రోజులు, ముప్పై నాలుగు గదులు. నాయనకు లెక్క అచ్చంగా కుదిరిందనిపించింది.

అప్పుడే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. “ఏమ్మే, ఒక్క గది విడిచిపెట్టకుండా, ఒకే గదిలో రెండు తూర్లు పడకుండా, ఏ దినం యాడ మంద నిలపల్లో నువ్వు లెక్క గట్టియ్యి. అట్ల చేస్తే నీ లెక్కలు పనికొస్తాయని ఒప్పుకుంటా. అనంతపురం పంపిస్తా,” అన్నాడు. నేను నోట్‌బుక్కు తీసుకుని మూలన కూర్చున్నాను. కుదరలేదు. ఇంకో రకంగా గీశాను, కుదరలేదు. ఎట్లా మొదలుపెట్టినా చివరికి ఒంటరి గదులు రెండు ఎక్కడో అక్కడ మిగులుతున్నాయి. మధ్యాహ్నానికి వెలిగింది. ఇది చుక్కల సారు చెప్పిన చదరంగం బల్ల లెక్కే! ఎదురెదురు మూలలు కోసేసిన బల్లను రెండేసి గదుల బిళ్ళలతో ఎవరూ నింపలేరు. మా చేను పోటీ లెక్క అయిందన్న ఆనందంతో వంటింట్లోకి పరుగెత్తి అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పాను. కుదరదని నేను రుజువు చేస్తే నా అనంతపురమే పోతుందని తట్టడానికి ఇంకో పూట పట్టింది. అప్పటికే బూడిద తట్ట నెత్తికెత్తుకున్నాను.

బూడిద ఎందుకంటారా? రుజువు కళ్ళకు కట్టాలి గదా. గదులను ఒకటి విడిచి ఒకటి చొప్పున ఎంచి, ఎంచిన ప్రతి గది నడిమధ్యనా మా పొయ్యిలోదీ, పక్కింటి పొయ్యిలోదీ బూడిద కుప్పలుగా పోశాను. ఆ సాయంత్రం మా చేను గట్టు మీదుగా పోయే కూలి ఆడవాళ్ళు దారి మార్చుకుని పోయారు. “ఎవరో ఏమో చేసినారు మే, అడుగు పెట్టొద్దండి,” అనుకుంటూ పోయారని తర్వాత తెలిసింది. నాయననూ తాతనూ గట్టు మీద నిలబెట్టి నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. “పక్కపక్క గదులు ఏ రెండు తీసుకున్నా ఒకటి బూడిద గది, ఒకటి వట్టి గది. రోజూ మంద ఒక బూడిద గదిని, ఒక వట్టి గదిని తింటుంది. కానీ గుట్టా బావీ రెండూ బూడిద పడాల్సిన గదుల్ని మింగేశాయి. బూడిదవి పదహారే ఉన్నాయి, వట్టివి పద్దెనిమిది. పదహారు రోజులకు బూడిద గదులు అయిపోతాయి, వట్టివి రెండు మిగులుతాయి. అవి పక్కపక్కన ఉండవు. కాబట్టి కుదరదు!” ఆ చివరి మాట అరిచే చెప్పాను. ఒకటి రెండు గొర్రెలు తలెత్తి చూశాయి.

నాయన బూడిద కుప్పలను వేలితో లెక్కపెట్టుకున్నాడు. “కాదని చెప్పేకి నీ లెక్కలు ఏంటికిమ్మే? దానికి వాన ఉండాది గదా మనకు, ప్రతేడూ అదే చెప్తాది,” అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, ఆశ పడి తగ్గిన మనిషి గొంతు అది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆ కోపం తాత మీదికి తిరిగింది, ఎందుకంటే ఆయన నవ్వుతున్నాడు. “నలభై ఏండ్ల నుంచి మంద నిలుపుతాండా పాపా. నా మంద పడని చేను లేదు,” అన్నాడు. “అయితే పదిహేడు రోజుల్లో నింపు తాతా, చూస్తా. నువ్వు నింపితే నేను అనంతపురమే పోను!” అన్నాను (రుజువు ఉన్నవాళ్ళు పందెం కాయకూడదని నాకు ఎవరూ చెప్పలేదు). తాత నవ్వు ఆపి, గడ్డం గోక్కున్నాడు. “రెండు మిగుల్తాయంటివే, ఏ రెండు మిగుల్తాయి పాపా?” అని అడిగాడు. “బూడిద లేనివి ఏవైనా కావచ్చు. నీ ఇష్టం,” అన్నాను గొప్పగా. “నా ఇష్టమేనా?” అని కంబళి సర్దుకున్నాడు తాత.

తర్వాత పదహారు రోజులు రోజూ పొద్దున్నే చేను దగ్గరికి పోయి నోట్‌బుక్కులో రెండేసి గదులు కొట్టేసుకుంటూ వచ్చాను. తాత వంకర టింకరగా ఏమీ పోలేదు. వరస పట్టి వల జరుపుకుంటూ పోయాడు. పదహారో రాత్రి గడిచిన పొద్దునకు నేను చెప్పినట్టే రెండు వట్టి గదులు మిగిలాయి. ఒకటి గుట్ట పక్కన, ఇంకొకటి చేనుకు ఆ కొసన, బావి పక్కన. నడుమ ఎంత దూరమో! ఇంటికొచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగి, సర్టిఫికెట్టు వచ్చినంత సంబరపడ్డాను. పందెం గెలిచినా నాయన మాట ప్రకారం అనంతపురం లేదన్న సంగతి ఆ మజ్జిగలో కరిగిపోయింది.

పదిహేడో రాత్రి గడిచి, తెల్లారి పోయేసరికి రెండు గదుల్లోనూ నేల నల్లగా, తడిగా, పెంటతో నిండి ఉంది. తాత వల చుట్టుకుంటున్నాడు. సగం మంద గుట్ట పక్క గదిలో, సగం మంద బావి పక్క గదిలో పడుకుందట. గొర్రెలు ముక్కలుగా విడిపోగలవని నా రుజువులో ఎక్కడా రాసుకోలేదు. కానీ నేనూ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. “రెండు గదులు విడివిడిగా అయితే ఎనిమిది పక్కలు తాతా. నీ వల ఆరు పక్కలకే గదా ఉండేది!” అన్నాను. తాత వేళ్ళు చూపించాడు. “గుట్ట పక్క గదికి ఒక వైపు గుట్టే అడ్డం. బావి పక్క దానికి ఒక వైపు బావి గట్టే అడ్డం. మూడు ఈడ, మూడు ఆడ. ఒక మూర మిగల్లేదు, ఒక మూర తగ్గలేదు. ఈడ నేను పండుకున్నా, ఆడ కుక్క పండుకుండె.”

నేను ఇంటికి నడిచాను. ముందు రోజు సంబరంలో బట్టలు సర్దుకున్న సంచిలోంచి ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేస్తుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆ రోజు అంత దుఃఖం ఎందుకంటే, పోలేనందుకు కాదు, నా రుజువు నన్ను మోసం చేసిందని. నాయనా తాతా జొన్నలు కొలుచుకోవడానికి ఇంటికి వచ్చారు. నేను ఎదురుపోయి, “ఓడిపోయినా నాయనా. నిండింది. నేను పోను,” అన్నాను. తాత జొన్నల సంచి నేల మీద పెట్టాడు.

“ఓడిపోయేదేంది పాపా? రెండు మిగుల్తాయంటివి, మిగిలినాయి. ఏమప్పా, ఈ పాప చెప్పకుంటే నేనూ పోయినేడు వచ్చినోని మాదిరే వల వేసుకుంటా పోయి, యాడనో చేను నడుమ రెండు గదులు విడిచిపెట్టి, వల చాలక పోతాంటి. మిగుల్తాయని మొదటి దినమే తెలిస్తే గదా, యాడ మిగుల్చుకోవల్లో చూసుకునేది! నేనే ఒకటి గుట్ట కాడ, ఒకటి బావి కాడ మిగుల్చుకున్నా,” అన్నాడు నాయనతో.

నాయన లోపలికి పోయి, నేను దండెం మీద వేసిన బట్టలు తెచ్చి, మడత పెట్టడం రాని చేతులతో మడత పెడుతూ సంచిలో కుక్కడం మొదలుపెట్టాడు. “పోయి రా మే. ఏది కాదో ముందే చెప్పేది గూడా పనే,” అన్నాడు. ఆ మాటకు నేను ఇంకాస్త ఏడ్చాను.

పది రోజులూ అనంతపురంలో సుఖంగా గడిచాయి. రెండో మెట్టు మాత్రం దాటలేదు. ఆ పరీక్షలో గదుల లెక్క ఒకటి వస్తే, రుజువంతా రాసి, చివర “బిళ్ళలను రెండుగా విడదీయనంత వరకు” అని ఒక వాక్యం చేర్చాను. దిద్దినాయనకు అది చాదస్తంగా తోచిందో ఏమో గాని, చుక్కల సారు ఆ సంగతి విని మూడు రోజులు నవ్వారు.

ఇప్పుడు నా పిల్లలకు అదే లెక్క చెబుతాను. రుజువు అయిపోగానే సుద్దముక్క పక్కన పెట్టి, “సరే, కుదరదు. మరి ఏ రెండు మిగుల్చుకుందాం?” అని అడుగుతాను. సిలబస్‌లో లేని ప్రశ్న అడిగినందుకు ముందు బెంచీ పిల్ల ఒకతి ప్రతి ఏడూ నా మీద మొహం చిట్లిస్తుంది. ఆ చిట్లించిన మొహంలో, బూడిద తట్ట పట్టుకుని గట్టు మీద నిలబడి “కుదరదు!” అని మూడు వందల గొర్రెల ముందు అరిచిన పిల్ల నాకు కనబడుతుంది. ఎంత పొగరు దానికి! దాని మాటలో తప్పేమీ లేదు, తొందరే ఎక్కువ. దాన్ని చూసి నాలో నేను నవ్వుకుంటూ, బోర్డు వైపు తిరిగి, పిల్లలకు కనబడకుండా వేళ్ళ మీద ఇంకోసారి లెక్కేసుకుంటాను. మూడు ఈడ, మూడు ఆడ.