మీ పప్పు మీరే తెచ్చుకోండి

చోడవరంలో సుగర్ ఫ్యాక్టరీకి పోయే దారిలో ఎవరింట్లో ఇడ్లీ మెత్తగా వచ్చినా ఆ పుణ్యం కరుణమ్మదే. చెరుకు ట్రాక్టరు తోలే మొగుడు ఏసుపాదం నడుం పడిపోయి మంచానికి అంటుకున్నప్పటి నుంచీ, ఆవిడ రుబ్బే పిండి మీదే ఆ ఇల్లు నడుస్తోంది. మంచి మనిషే. పాస్టరు గారు క్షమించమని చెబితే అందరికన్నా ముందు ఆమెన్ అంటుంది. కాకపోతే ఎవరైనా తనను తేలిక చేసి మాట్లాడితే మాత్రం, ఆ మాటను మినప్పప్పులా నానబెడుతుంది.

కిందటి వేసవిలో మెయిన్ రోడ్డులోని బంగార్రాజు కొట్లో పెద్ద గ్రైండరు కొంది. అమ్మిన రోజున అతను అమ్మా అమ్మా అంటూ కూల్‌డ్రింకు కూడా తాగించాడు. మూడో నెల నిండకుండానే రాయి తిరగడం మానేసింది. పరుగున వెళ్ళి చెబితే, "నా సేతిలో ఏటుంది? కంపెనీకి ఫోన్ సెయ్యి," అని చేతులు దులుపుకున్నాడు.

కంపెనీకి చేస్తే ముందు ఒకటి నొక్కమన్నారు, తర్వాత మూడు నొక్కమన్నారు. ఆపైన ఎవరిదో ఆడగొంతు "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటూ పావుగంటసేపు సంగీతం వినిపించింది. చివరికి ఒకడు పలికి, మెకానిక్కును పంపాలంటే మీ ఫోన్‌కొచ్చిన నంబరు చెప్పాలన్నాడు. చెప్పింది. మెకానిక్కు రాలేదుగానీ మెసేజీ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఇదే వరస. గ్రైండరు మూలనే పడి ఉంది, కంపెనీ కంప్యూటర్లో మాత్రం మూడుసార్లు బాగైపోయింది. ఏం వ్యాపారమో ఏమో!

ఈలోగా కరుణమ్మ రోట్లో రుబ్బింది. అరచేతులు బొబ్బలెక్కాయి, సగం పిండి కూడా తెమల్లేదు. వాడుక ఇళ్ళు ఒక్కొక్కటే ప్యాకెట్ల పిండికి మళ్ళాయి. ఇంకో నెల ఇలాగే సాగితే తన ఇంట్లో పొయ్యి వెలగదని ఆవిడకు తెలుసు. అందుకే మనసు చంపుకుని మళ్ళీ బంగార్రాజు దగ్గరికి వెళ్ళింది. కొట్టు నిండా జనం.

"నంబరు నువ్వే సెప్పేసేవు కదా, బాగయిందని నువ్వే ఒప్పుకున్నట్టు. సదూకోనోళ్ళకి మిషన్లమ్మితే ఇలాగే ఉంటాది," అన్నాడు అందరూ వినేట్టు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

కరుణమ్మ ఇల్లు చేరింది. సంగతి విని ఏసుపాదం, "పోనీలేవే, దేవుడు సూసుకుంటాడు," అన్నాడు.

"దేవుడికి బోల్డు పనులు. ఈడిని నేను సూసుకుంటాను."

సరిగ్గా అప్పుడే వీధిలోకి బంగార్రాజు ప్రచారం ఆటో వచ్చింది. మైకులో అతని గొంతే. గ్రైండర్ల మేళా, రండి! మీ పప్పు మీరే తెచ్చుకోండి! మీ కళ్ళముందే రుబ్బి చూపిస్తాం! కొన్నా కొనకపోయినా పర్వాలేదు, ఎన్నిసార్లయినా రండి! రోజూ చెవిన పడే మాటలే. ఆ రోజు మాత్రం కరుణమ్మ గుమ్మంలో నిలబడి ఆఖరిదాకా విని, చాలా రోజుల తర్వాత నవ్వింది.

మర్నాడు కొట్టు షట్టరు లేచేసరికి ఆవిడ రెండు బకెట్లతో సిద్ధంగా ఉంది. ఒకదాంట్లో నానిన పప్పు, ఒకదాంట్లో బియ్యం. "రుబ్బి సూపించు బాబూ, మైకులో సెప్పేవు కదా."

బేరానికొచ్చిన వాళ్ళు చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. బంగార్రాజు పళ్ళికిలించి స్విచ్చి వేశాడు. పప్పు ఒక గ్రైండర్లో, బియ్యం ఇంకోదాంట్లో రుబ్బించుకుని, "ఇంకా ఆలోసించుకోవాలి," అని వెళ్ళిపోయింది. ఆ మర్నాడు మళ్ళీ వచ్చింది. నాలుగో రోజుకి ఆవిడ వాడుక వాళ్ళు గిన్నెలు పట్టుకుని నేరుగా కొట్టు దగ్గరికే రాసాగారు. కొత్త గ్రైండరు కొందామని వచ్చినవాళ్ళు "పిండి బాగుందమ్మా, ఇంట్లో నీది ఏ గ్రైండరు?" అని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేది. విన్నవాళ్ళు వచ్చిన దారినే పోయేవారు.

వారం తిరిగేసరికి పక్కవీధి అచ్చియ్యమ్మ పెసలు పట్టుకొచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఐదుగురు. బంగార్రాజు మైకు ఆటో మానిపించాడు, కరెంటు లేదని బొంకాడు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. కొట్టంతా పులిసిన పిండి వాసన. పదో రోజున అతనే కరుణమ్మ పేరున కంప్లెయింటు రాయించి, మెకానిక్కు ఉదయ్‌కుమార్‌ని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికొచ్చాడు. తెగింది బెల్టు. మార్చడానికి పావుగంట పట్టలేదు.

ఆ పావుగంట పనికోసమా ఇన్నాళ్ళూ తన నోటికాడ కూడు తీశారు అనుకుంది కరుణమ్మ. మెకానిక్కుకు మాత్రం గిన్నెడు పిండి ఇచ్చి పంపింది. అతని తప్పేముంది పాపం.

కరుణమ్మ ఫోన్ మోగింది. కంప్లెయింటు ముగించే నంబరు వచ్చింది. "సెప్పమ్మా," అన్నాడు బంగార్రాజు, గొంతు చాలా మెత్తబడి. "కంప్లెయింటు ముగిసేదాకా కంపెనీవోళ్ళు నాకు కొత్త సరుకు పంపరు."

"బాగయ్యిందో లేదో సూడొద్దా? సదూకోనిదాన్ని కదా, నాకు తెలీడానికి టయిం పడతాది."

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ కొత్త నంబరు తెప్పించుకోవడం, వసారాలో పడిగాపులు కాయడం. కొట్లో అతనితో కలిసి నవ్వినవాళ్ళే ఇప్పుడు గిన్నెలతో పిండికోసం వచ్చి, అతన్ని చూసి నవ్వుకుంటూ పోతున్నారు.

కరుణమ్మ గ్రైండరులో పప్పు పోసి, అతని ముందుకు పీట జరిపింది.

"కూకో బాబూ. నీ రాక మాకెంతో ముఖ్యం," అని స్విచ్చి వేసింది.