పుస్తకాల్లో దొరికిన చిట్టీలు

ఆ రోజుల్లో ఢిల్లీలో నాతో తెలుగులో మాట్లాడేవాళ్లు ఇద్దరే. ఫోన్లో మా అమ్మ, గదిలో నేను. ద్వారకలో ఓ మేడ మీద ఒంటిగదిలో ఉండేవాణ్ని. పగలంతా ఓ వార్తాసంస్థలో ఇంగ్లిషు వార్తల్ని తెలుగు చేసేవాణ్ని (తెలుగు విభాగం అంటే నేనూ, నా కుర్చీ). సెలవు రోజున మెట్రో ఎక్కి పాత ఢిల్లీలో ఒక హవేలీకి వెళ్లేవాణ్ని. మొగలాయిల నాటి కమానుల కింద అక్కడొక గ్రంథాలయం ఉండేది. పైన పావురాలు, కింద ముసలి పాఠకులు, ఒక మూల తెలుగు బీరువా. ఆ బీరువా ముందు ఊరికే నిలబడినా నాకు మావాళ్లింటికి వెళ్లినట్టుండేది.

అంతలో హవేలీకి మరమ్మతులు వచ్చిపడ్డాయి. గ్రంథాలయం చూసుకునే దీదీ (వయసులో మా అమ్మంత ఉంటుంది, కానీ ఢిల్లీలో అందరూ దీదీలే) నన్ను పిలిచి విషయం చెప్పింది. ఏడాదిగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలన్నీ సంచులకెక్కి గోడౌన్‌కు పోతాయట, మళ్లీ రావట. ఆ రోజు నుంచి ప్రతి వారం రెండేసి తెలుగు పుస్తకాలు మోసుకుపోయాను. కోళ్ల పెంపకం మీదిది కూడా వదల్లేదు.

కొన్నాళ్లకు ఒక వింత గమనించాను. నేను తిరిగిచ్చిన పుస్తకాన్ని వెంటనే ఇంకెవరో తీసుకుంటున్నారు. వెనక అంటించిన కాగితం మీద ఎప్పుడూ ఒకటే కార్డు నంబరు, నూట పద్నాలుగు. కోళ్ల పెంపకం పుస్తకాన్ని రెండుసార్లు తీసుకున్న మనిషి ఎంత ఒంటరిదో నాకు తెలిసిపోయింది. (మనిషి ఆడమనిషేనని ఎలా తేల్చానో అడగకండి.) సాకేత్‌లో ఆసుపత్రి నర్సు అనుకున్నాను, కాకినాడ వైపు అనుకున్నాను. ఇక ఆగలేక పుస్తకాల్లో చిట్టీలు పెట్టడం మొదలుపెట్టాను. "మీది ఏ ఊరండీ?" "మీక్కూడా ఇక్కడి చలి పడటం లేదా?" "ఒక్క ముక్క రాయండి చాలు." జవాబు రాలేదు. మొహమాటస్తురాలు అనుకున్నాను.

బీరువాలు ఖాళీ చేసే రోజు సాయం చేద్దామని వెళ్లాను. దీదీ ముందు ఒక డబ్బా, ఒక రిజిస్టరు. పుస్తకాల్లో దొరికిన బస్సు టిక్కెట్లు, ఎండిన పూలు, ఎవరిదో ఫోటో, అన్నీ రాసి భద్రపరుస్తోంది. నన్ను చూసి నా చిట్టీలే బయటికి తీసింది.

"భయ్యా, ఇది మీ భాషే కదా? క్యా లిఖా హై?"

నా చెవులు వేడెక్కాయి. "సరుకుల చిట్టీ దీదీ. కందిపప్పు, చింతపండు, ఆవాలు" అన్నాను. నా వృత్తిలో తెలిసి చేసిన తప్పుడు అనువాదం అదొక్కటే. ఆమె శ్రద్ధగా రాసుకుని రెండోది చదవమంది. అదీ సరుకులే. మూడోదీ అంతే.

"మళ్లీ ఆవాలేనా? పాపం, వండిపెట్టేవాళ్లు లేరేమో" అంది.

ఇవి ఆ పుస్తకాలు తీసుకెళ్లిన మనిషికే ఇచ్చేయండి, నూట పద్నాలుగు నంబరు కార్డువాళ్లవి అయ్యుంటాయి అన్నాను, ఆమె పేరు తెలుస్తుందన్న ఆశతో. దీదీ నవ్వింది.

"అది నా కార్డే భయ్యా. మీ రెండు పుస్తకాలతో బీరువా నిలుస్తుందా? అదీ పోతే సెలవు రోజున మీరెక్కడికి వెళ్తారు?"

ఆమెకు తెలుగులో ఒక్క అక్షరం రాదు. ఏ పుస్తకం ఏదో పోల్చుకోలేక, నేను అప్పుడే తిరిగిచ్చినదైనా సరే, చేతికందినదాని మీద ముద్ర వేసుకుని ఇంటికి మోసుకుపోయేదట. నేను సంచుల పనిలో పడ్డాను. తెలుగు పుస్తకాలు మాత్రం సంచుల్లోకి పోలేదు.

మొన్న చాలా ఏళ్లకు మళ్లీ వెళ్లాను. సున్నం తళతళలాడుతోంది, పావురాలు లేవు, దీదీ రిటైరైందట. తెలుగు బీరువా కిటికీ పక్కకు మారింది. వాకిట్లో అద్దాలపెట్టె పెట్టి, పుస్తకాల్లో దొరికిన వస్తువులను వరుసగా పేర్చారు. అందులో నా చిట్టీ, కింద హిందీలో అచ్చు వేసిన వివరం: దక్షిణాది పాఠకుడి సరుకుల జాబితా, కందిపప్పు, చింతపండు, ఆవాలు.

పత్రికల్లో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ని, తప్పు కనబడితే సవరణ వేయించడం అలవాటు. కౌంటరు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చాను. అద్దం మీదికి వంగితే నా నెరిసిన జుట్టు నీడ వెనక ఒకప్పటి నా కుర్రతనపు గుండ్రటి అక్షరాలు కనబడ్డాయి. మీది ఏ ఊరండీ?

చుట్టూ ఎవరూ లేరు కదా అని, మా ఊరి పేరు మెల్లగా పైకే చెప్పాను.