కోల్డ్ ఫీట్ కింద మా మేనమామ

నా నోటుబుక్కు మొత్తాన్ని కరీంనగర్‌ల కోచింగ్ సెంటర్ నడిపే ఒక సారు తన పేరు మీద అచ్చేసుకున్నడు. గంతే. ఇందుల అనుమానం లేదు.

నేను ఏడో తరగతి కాంగనే మరమగ్గం కాడికి పోయినోణ్ని. ఇంగ్లీషు నాకు ఎవ్వలూ చెప్పలే. పాత పేపర్లల్ల దొరికిన నుడికారాలను ముప్పై ఏండ్లు రాసుకుంట పోయిన. డిక్షనరీల అర్థం ఒక్కటే రాస్తే యాదికుండకపోయేది. పక్కన మా ఇంటి ముచ్చటొకటి పెడితేనే మనసుకు పట్టేది. 'బీటింగ్ అరౌండ్ ది బుష్': అసలు సంగతి చెప్పక చుట్టూ తిప్పుడు, పుట్టింటికి పోతనని అడగడానికి మా అవ్వ వానల సంగతి నుంచి మొదలుపెట్టినట్టు. 'ఎ పీస్ ఆఫ్ కేక్': చిటికెల అయ్యే పని, మా బాపుకు అలుగుడు లెక్క.

సారు ఆ బుక్కును వారం రోజులకని అడిగి తీస్కపోయిండు. మూడు నెలలకు ఇచ్చిండు, అట్ట మీద చాయ్ గ్లాసు మరకతోని. పోనీ, చదువుకునే పిల్లలకు పనికొచ్చింది గదా అని ఊకున్న.

పోయినేడు మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సుల, నా పక్క సీట్ల ఒక పిల్ల కండ్లు మూసుకొని బట్టీ కొడుతున్నది. "కోల్డ్ ఫీట్ అంటే తీరా సమయానికి జంకుడు, మా మేనమామ లగ్గం నాడు గడ్డివాము ఎనుక దాగినట్టు."

నేను గిర్రున ఆ పిల్ల దిక్కు తిరిగిన. ఆ దాగినాయన నన్ను కన్న మా అవ్వకు సొంత తమ్ముడు. పుస్తకం అడిగి తీసుకొని చూసిన. అట్ట మీద టై కట్టుకొని సారు. లోపల మా అవ్వ, మా బాపు, మా ఇల్లంత వరుసగ కూసున్నరు. నా పేరే లేదు. సంగతంత చెప్తే, ఆ పిల్లకు దొంగతనం కన్నా మామ ఫికరే ఎక్కువైంది.

"మరి దొరికిండా, తాతా?"

"దొరికిండు బిడ్డా. లగ్గమైంది, నలుగురు పిల్లలు."

సారుకు మూడు ఉత్తరాలు రాసిన. పైసలు అడగలే, అట్ట మీద నా పేరు వేయమన్న. మొదటిది మర్యాదగ రాసిన. రెండోదాంట్ల 'కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్' అంటే ఉన్నది ఉన్నట్టు అనుడని గుర్తుచేసి, దొంగ అన్న. మూడోదాంట్ల మామ లగ్గం ఫోటో పెట్టిన. అందుల ఆయన తలపాగకు ఇంకా గడ్డిపరకలున్నయి. గీ సాక్ష్యానికి తిరుగు లేదనుకున్న.

నెలకు జవాబొచ్చింది, సెంటర్ ముద్రతోని:

"పూజ్యులైన తాతగారికి నమస్కారాలు. మీ ఉత్తరాలు, ఫోటో అందినవి. మా పుస్తకంలో గడ్డివాము వెనుక దాగినది మా మేనమామ. అయినా మీ మనసు నొచ్చుకున్నందున, వచ్చే ముద్రణలో చిన్నాయన అని మారుస్తాము."