పూయని బంగళా ఆకు

పెద్దమ్మ పోయిందని తోరణగల్లు వెళ్లే ఉక్కు కంపెనీ బస్సులో ఉండగా ఫోనొచ్చింది. బతిమాలితే దారిలో ఆపారు. వెనక్కి వెళ్లే బండి కోసం రోడ్డు పక్కన నిలబడితే ఖనిజం లారీలే, ఒకదాని వెనక ఒకటి. కుదురుగా ఏడవనివ్వలేదు పాడు లారీలు. కళ్లు తుడుచుకుంటే కొంగుకు ఎర్రదుమ్ము అంటింది. పెద్దమ్మ తడిగుడ్డ గుర్తొచ్చింది.

మా ఊరి బ్రూస్‌పేటలో ఆమె ఇంటి నడవలో, ఎండ తగలని మూల, ఒక కుండీ ఉండేది. అందులో కొమ్మా రెమ్మా ఏమీ లేవు, మట్టిలోంచి నేరుగా లేచిన పొడవాటి ఆకులే. మిషన్ బంగళాలో వంట చేసిన మా ముత్తవ్వకు దొరసాని వెళ్తూ వెళ్తూ ఇచ్చిందట. ఇంటి పెద్ద కూతురు పెళ్లయి వెళ్తే కుండీ ఆమె వెంట వెళ్లాలి. పేరు ఎవరికీ తెలియదు, బంగళా ఆకు అనేవాళ్లం. పెద్దమ్మకు పిల్లల్లేరు. కాబట్టి చెల్లెలి పెద్ద కూతురినైన నాకు రావాలి.

గనుల జోరు మొదలయ్యాక అన్నం గిన్నె మూత మీద కూడా దుమ్మే. పెద్దమ్మ ఆదివారం చర్చి నుంచి వచ్చి, తిండి కూడా తినకుండా ఒక్కో ఆకూ తుడిచేది. ఎందుకిన్ని పాట్లంటే, "పడేది దాని పని, తుడిచేది నా పని. నీకేం నొప్పి?" అనేది. ఆమె దగ్గర కుట్టు నేర్చుకునే అమ్మాయిలు సూది కన్నా ఆ నోటికే ఎక్కువ భయపడేవాళ్లు.

నా పెళ్లి కుదిరినప్పుడు కుండీ తుడిచి సిద్ధం చేసింది. అమ్మ ఒప్పుకోలేదు. "పూతా పిందే లేనిదాన్ని పెళ్లికూతురి వెంట యాడ పంపుతావక్కా? నీ కత చాలదా?" అంది. నా మేలు కోరే అంది, అయినా ఆ మాట నేనిప్పటికీ మరవలేదు. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే పెద్దమ్మ ఆ రోజు తడిగుడ్డ మడిచి పక్కన పెట్టింది. కుండీని మళ్లీ మూలకు జరిపింది.

అప్పట్నుంచి ఒకటే పట్టు, దాని పేరేంటో తేలాలి. "పేరు తెలీని బిడ్డని ఎవురింటికి పంపేది పాపా?" అనేది నాతో. ఆకు పట్టుకుని కాలేజీ లెక్చరర్ దగ్గరికి వెళ్లింది, నర్సరీలకు వెళ్లింది. ఒకరు పసుపు జాతి అన్నారు, ఒకరు ఏదో లిల్లీ అన్నారు. ఒక రోజు నమ్మేది, మర్నాడు "కాదులే" అనేది. చివరికి మా కంపెనీ టౌన్‌షిప్‌లో తోటలు చూసే మేడమ్‌ను నేనే ఇంటికి తీసుకొచ్చాను.

ఆకులన్నీ చూసి మేడమ్, "పువ్వు చూస్తే గట్టిగా చెప్పొచ్చమ్మా" అంది.

"దీనికి పువ్వే లేదమ్మా, మా అవ్వ కాలం నుంచీ లేదు" అంటూ పెద్దమ్మ వంగి, మట్టి మీంచి ఏదో గిల్లి పారేసింది.

"అదేమిటి?"

"కుక్కగొడుగు. ఏడాదికోసారి వస్తాయి. వేరుకు చెరుపని మా అమ్మ గిల్లేది, నేనూ గిల్లతా ఉండా."

మేడమ్ దాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుంది. పైన మట్టిరంగు, లోపల ముదురు ఊదా. "ఇదేనమ్మా దీని పువ్వు. నేలను అంటుకునే పూస్తుంది" అంది. ఇంగ్లిషులో దీన్ని పోత ఇనుము మొక్క అంటారని, నీడలోనూ దుమ్ములోనూ చావదని కూడా చెప్పింది.

"గనులు తవ్వకముందే మనింట్లో ఇనుముండిందన్నమాట!" అని పెద్దమ్మ నవ్వింది. నవ్వుతూనే మేడమ్ చేతిలోని పువ్వు అందుకుంది. "పూసిందాన్ని పూసినట్టే గిల్లేస్తిమి కదే పాపా! పైగా గొడ్డుదంటిమి కదే!" అని భోరుమంది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు.

ఆ ఏడాదంతా ఆమెకు నిద్రాహారాల్లేవు. ఆయాసం అప్పటికే పట్టుకుంది. అయినా పూటపూటకూ నేల మీద కూర్చుని, ఆకులు పక్కకు తీసి వెతికేది. నేను ఫోన్ చేస్తే బాగున్నావా అని కూడా అడగకుండా, "ఇంకా రాలే" అని పెట్టేసేది. నాకు ఆఫీసులో చేతులాడేవి కావు. అది పూసేదాకా ఈమె ఉంటుందా అని ఒకటే గుబులు.

పూసింది. ఆ వారమే చర్చి స్త్రీల సమాజం కూడిక తన ఇంట్లో పెట్టించింది. ఎవరింట్లో బిడ్డను తొట్లో వేసినా ఆమెను పిలవడం మరిచిపోయే ఆడవాళ్లే అందరూ. అమ్మా వచ్చింది. మోకాళ్ల మీద ప్రార్థన ముగిసి, ఆమెన్ అని అందరూ లేవబోయారు.

"ఉండండి, లేయొద్దు. అట్లనే ఈ మూలకు రాండి" అంది పెద్దమ్మ.

పట్టుచీరలు ఎగదోపుకుని, మోకాళ్ల మీదే జరుగుతూ, ఒక్కొక్కరే వంగి చూశారు. చివర అమ్మ వంగింది.

"యాడక్కా? కనపడ్లే."

"ఇంకా వంగు."

అమ్మ చెంప నేలకానింది. చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే, "పాపకే ఇయ్యక్కా" అంది.

పెద్దమ్మ ఆయాసపడుతూ, ఒక చేత్తో ఆకులు ఎత్తి పట్టుకుని, రెండో చేతిలోని టార్చిని, పువ్వు చెల్లెలి కళ్లకు ఆనేటట్టు, ఇంకాస్త కిందికి వంచింది.