రెండో పడవవాళ్ళు
మా తరావా దీవిలో తంగావా అవ్వకి దేశ చరిత్రంతా ఒకటే కడుపుమంట. పూర్వం మొదటి పడవలో వచ్చి దిగింది పొరుగింటి మేరే వంశం, తనవాళ్ళది రెండో పడవ. అందుకే ఊరి సావడి విందులో మొదటి వాటా, చేపతలకాయ, ఎప్పుడూ మేరేకే. "తెల్లదొరలొచ్చారు, జపానువాళ్ళొచ్చారు, స్వాతంత్ర్యమొచ్చింది. నా వాటా మాత్రం ముందుకు రాలేదే!" అంటూ చుట్ట పీల్చేది. మేరే పళ్ళెంలో చేపతలకాయ కేసి చూసి మూతి తిప్పేది.

ఈ ఏడు మేరే పోయింది. పిల్లాజెల్లా లేరు. జెండా పండగనాడు వడ్డించేవాడు మొదటి పళ్ళెం తంగావా ముందు పెట్టి, "ఇక నీదే, అవ్వా" అన్నాడు. చేపతలకాయ కేసి ఆమె చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. పళ్ళాన్ని పక్కనే మేరే కూర్చునే ఖాళీ చాప ముందుకు నెట్టింది.

"దానిది దానికి పెట్టాను. ఇప్పుడు నాది తేరా."